రసమట్టం

బెల్మీరు వంగిపోతున్నాడని
మాలో ఎవరం కనిపెట్టలేదు.
నలభై రెండేళ్లు లిస్బన్ వీధుల్లో
జానెడు ముక్కాలిపీట మీద కూర్చుని
తెల్ల సున్నపురాయి పక్కన నల్లరాయి పేర్చినవాడు
నిటారుగా ఎప్పుడున్నాడు గనక!

"నడుము ఎప్పట్నుంచి ఇలా?" అంది డాక్టరమ్మ.
గ్రసియేత్ నవ్వింది:
"పెళ్లి ఫోటోలోనూ ఇంతేనండీ."
డాక్టరమ్మ నవ్వలేదు.
నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదని రాసుకుంది.

నేను అదెరీతుని.
కేప్ వెర్డి నుంచి వచ్చిన కొత్తలో
ఆయన దగ్గరే సుత్తి పట్టాను.
నాకు పోర్చుగీసు సగమే వచ్చు,
ఆయనకు మాటలే సగం.
రాయిని అరచేతిలో ఉంచి రెండు దెబ్బలు.
మూడోది కావాల్సొస్తే
ఆ రాయి నీది కాదురా, పక్కన పెట్టు, అనేవాడు.

ఇప్పుడు వంటింటి గుమ్మంలో ఆగిపోతాడు.
అక్కడ గడప కూడా లేదు,
నేల పలకల రంగు మారుతుంది, అంతే.
పైన మనిషి బయల్దేరతాడు,
కింద పాదాలు మాట వినవు.
విన్నాయా, ఇక ఆగవు:
చిట్టి చిట్టి అడుగులు,
దొర్లిపోయే గిన్నె వెంట పిల్లాడు పడ్డట్టు
తన బరువు వెంట తానే,
సోఫా చెయ్యి దొరికేదాకా.

ఒకరోజు ఫ్రిజ్ తలుపు లాగి
తలుపుతో పాటే వెనక్కి పోయాడు.
చేతిలో పాలడబ్బా.
పాలు ఒలకలేదట.
వారమంతా అదొక్కటే చెప్పుకున్నాడు,
మోచేతి కట్టు సంగతి ఎత్తలేదు.

ఆసుపత్రిలో లుర్దిష్ అనే అమ్మాయి
ఆయన వెనక నిలబడింది.
"భుజాలు పట్టి లాగుతాను, పడకుండా చూసుకోండి."
చెప్పే లాగింది.
మనకైతే ఒక అడుగు వెనక్కి పడుతుంది,
పడిందని కూడా మనకి తెలీదు.
ఆయనకు ఆ అడుగు రాలేదు.
గోడకి చేరేసిన చెక్క జారినట్టు
మొత్తం మనిషి ఆమె చేతుల్లోకి వచ్చేశాడు.
మళ్లీ, అన్నాడు.
మళ్లీ.
మూడోసారి తర్వాత తనే తల ఊపాడు,
పక్కన పెట్టు అన్నట్టు.

ఆ రాత్రి పాత సంచిలోంచి రసమట్టం తీయించాడు.
"నా భుజాల మీద పెట్టి చూడు."
బుడగ కుడిచివరకి పోయి కూర్చుంది.
"ఎడమకి ఒరిగావు, మేస్త్రీ."
"లేదు. నేను తిన్నగానే ఉన్నా."
ఆయన లోపల ఎక్కడో ఇంకో బుడగ ఉంది కాబోలు,
అది నడిమధ్యనే ఉన్నానని ఒట్టేస్తోంది.
మనిషి అబద్ధమాడొచ్చు, మట్టం ఆడదని
నాకు నేర్పింది ఈయనే.
గాజు మీద దుమ్ము తుడిచి, ఇంకోసారి చూడమన్నాడు.
చూశాను.
ఏం చెప్పానో ఇక్కడ రాయను.

నిన్న పదకొండింటికి, మందు పట్టే వేళ చూసి,
గ్రాసా కొండ మీదికి తీసుకెళ్లాను.
చర్చి ముందు నేలంతా నల్లచారలు,
ఆయన పరచినవే,
చారకీ చారకీ అడుగున్నర ఎడం.
మొదట్లోనే పాదాలు అతుక్కున్నాయి.
చెయ్యి ఇవ్వబోతే విదిలించాడు.
కిందికి చూశాడు.
ఒక చార దాటాడు.
ఇంకోటి.
ఇంట్లో గ్రసియేత్ అంటించిన ఎర్రటేపు మీద
ఎన్నడూ వెయ్యని అడుగు,
మడమ ముందు, వేళ్లు తర్వాత,
జీతం అందిన సాయంత్రం నడిచినట్టు!

పద్నాలుగు లెక్కపెట్టాను.
పదిహేనో చార లేదు.
టెలిఫోను కంపెనీ వాళ్లు తవ్వి,
అన్నీ తెల్లరాళ్లే కప్పేసి పోయారు.
అక్కడ నిలిచిపోయాడు.
మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి,
వెనక ట్రాము గంట కొడుతోంది,
ఎవరో ముసలావిడ శిలువ గీసుకుంది.
సుత్తి సంచిలోనే ఉంది, నల్లరాయి లేదు.

నా కుడిపాదం ఆయన ముందు అడ్డంగా పెట్టాను.
నల్లబూటు.
బెల్మీరు దాన్ని చాలాసేపు చూశాడు.
"వంకరగా ఉంది," అన్నాడు.
సరిచేశాను.
దాటాడు.